జేమ్స్ నది ఒడ్డు ఎస్టేట్లు: ముందు కోడలి పుట్టిల్లు ఏదో అడగండి

అమెరికాలోని వర్జీనియాలో, రిచ్‌మండ్ నుంచి ఒక్క రోజులో వెళ్లొచ్చేలా జేమ్స్ నది ఒడ్డున ఏ పాత ఎస్టేట్లు చూడాలి, అన్నీ ఒకలాగే ఉంటాయటగా, అని అడిగారు. ఒకలాగే ఉంటాయి. అవన్నీ వియ్యంకుల ఇళ్లు మరి.

రూట్ 5 పట్టుకుని విలియమ్స్‌బర్గ్ వైపు వెళ్తుంటే ముందు షర్లీ, తర్వాత బర్క్‌లీ, దాని పక్కనే వెస్టోవర్ వస్తాయి. మూడూ ఒక రోజులో అయిపోతాయి. వెస్టోవర్ సొంతదారుల ఇల్లు, మామూలుగా తోట వరకే చూడనిస్తారు. లోపలికి వెళ్లాలంటే ముందే మాట్లాడుకోవాలి. మిగతా రెండింటి వేళలూ బయల్దేరే ముందు చూసుకోండి.

వెళ్లేముందు ఒక కాగితం తీసుకుని పైన రాబర్ట్ కార్టర్ అని రాయండి. 'కింగ్' కార్టర్ అనేవారు. 1732లో పోయేనాటికి ఆయనకు దాదాపు 3,00,000 ఎకరాలు. ఆ పేరు కింద కూతుళ్లను రాయండి. ఎలిజబెత్‌ను బర్వెల్ వారికి, జూడిత్‌ను పేజ్ వారికి, ఆన్‌ను హారిసన్ వారికి, మేరీని బ్రాక్స్‌టన్ వారికి ఇచ్చారు. కొడుకు జాన్ 1723లో హిల్ వారి అమ్మాయిని చేసుకున్నాడు. షర్లీ ఆమె పుట్టింటి ఆస్తి, అలా కార్టర్ల చేతికి వచ్చింది.

పేర్లతోనే సగం గుట్టు తెలిసిపోతుంది. అక్కడి మగవాడి మొదటి పేరు ఇంటిపేరులా వినిపిస్తే తల్లి పుట్టింటి వైపు వెతకండి. కార్టర్ బర్వెల్, కార్టర్ బ్రాక్స్‌టన్ పైన రాసుకున్న కూతుళ్ల కొడుకులే. రెండో ఆయన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాడు. కింగ్ కార్టర్ కొడుకు లాండన్ కార్టర్ తల్లి ఎలిజబెత్ లాండన్. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని రాబర్ట్ ఈ. లీ తల్లి ఆన్ హిల్ కార్టర్ పేరులో షర్లీ చరిత్ర మొత్తం ఉంది. 1793లో ఆమె పెళ్లి జరిగిందీ ఆ ఇంట్లోనే. మేనరికాలు, కుండమార్పిడి సంబంధాలు తెలిసినవాళ్లకు ఈ లెక్క పట్టుకోవడం కష్టం కాదు.

బర్క్‌లీలో పక్క తలుపు పైన ఉన్న రాయిని వదిలిపెట్టకండి. 1726 అని, బెంజమిన్ హారిసన్, ఆయన భార్య ఆన్ పేర్ల మొదటి అక్షరాలూ ఉంటాయి. చాలామంది ముందు గుమ్మం దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు.

వెస్టోవర్ దగ్గర కాసేపు ఆగాలి. 1730 ప్రాంతంలో రెండో విలియం బర్డ్ కట్టించాడని చాలాకాలం చెప్పుకున్నారు. తోటలో ఉన్న సమాధి ఆయనదే. ఇంటి దూలాల్లో చెట్టు వలయాలు లెక్కపెట్టి చూస్తే ఆ కలప నరికింది 1750 ప్రాంతంలో అని తేలింది. ఆయన 1744లోనే పోయాడు. అంటే కట్టించింది కొడుకు, మూడో విలియం బర్డ్. 1748లో ఆయన పెళ్లాడింది షర్లీ కార్టర్ల అమ్మాయి ఎలిజబెత్ హిల్ కార్టర్‌ను. అంత పేరున్న ఇల్లు కొత్త కోడలు వచ్చాక లేచిందన్నమాట. తేదీ 20 ఏళ్లు తప్పితే ఇంటి ఇల్లాలే మారిపోతుంది. ఇప్పటికీ పాత తేదీనే రాస్తుంటే బాధేస్తుంది.

ఇక గోడలు. పొడుగు ఇటుక, అడ్డం ఇటుక ఒకదాని పక్కన ఒకటి మారుతూ వస్తాయి, దాన్ని ఫ్లెమిష్ బాండ్ అంటారు. బట్టీలో మంటకు దగ్గరగా ఉన్న ఇటుకల చివరలు కరిగి నీలం కలిసిన బూడిదరంగు మెరుపు తేలతాయి. కిటికీల అంచున రుద్ది నునుపు చేసిన ఎర్ర ఇటుకలు పెట్టేవారు. అతుకుల్లో ఉన్నది ఆయిస్టర్ చిప్పలు కాల్చి చేసిన గుల్లసున్నం. తెల్లటి చిప్ప ముక్కలు కంటికి కనిపిస్తే అది పాత పని. అతుకు బూడిదరంగులో గట్టిగా, సమంగా ఉంటే తర్వాతెవరో సిమెంటు నింపారని అర్థం. సిమెంటు పాత ఇటుక కన్నా గట్టిది, తేమను బయటికి పోనివ్వదు. ఆ నీరు ఇటుకలోకే చేరి చలికాలంలో గడ్డకడితే ఇటుక ముఖం పెచ్చులూడుతుంది, అతుకు మాత్రం నిలబడి ఉంటుంది. మరమ్మతుకు మళ్లీ సున్నమే వాడాలి.

షర్లీలో పెద్దింటికన్నా ముందు వాకిట్లో ఉన్న రెండంతస్తుల వంటిల్లు, చాకిరేవు ఇల్లు చూడండి. అక్కడ పనిచేసినవాళ్లు బానిసలు. వాళ్లను 'సేవకులు' అంటే నేను ఒప్పుకోను. వర్జీనియాలో 1705 చట్టం వారసత్వం విషయంలో బానిసలను స్థిరాస్తి కింద లెక్కగట్టింది. కూతురికి పొలంతోపాటు మనుషుల్నీ ఇచ్చేవారు. ఒక ఇంట్లో పెళ్లి జరిగితే ఇంకొకరి తల్లీబిడ్డలు విడిపోయేవారు. కింగ్ కార్టర్ మనవడు, నోమినీ హాల్ అనే ఎస్టేట్ యజమాని రాబర్ట్ కార్టర్ 1791లో పత్రం రాసి 450 మందికి పైగా బానిసలను విడిపించడానికి పూనుకున్నాడు. బంధువర్గంలో ఆ స్థాయిలో ఇంకెవరూ చేయలేదు.

రెండో రోజు కుదిరితే గ్లౌస్టర్ కౌంటీలో రోజ్‌వెల్‌కు వెళ్లండి. జూడిత్ మెట్టినిల్లు. 1725లో మొదలుపెట్టిన ఆమె భర్త మాన్ పేజ్ 1730లో పోయేనాటికి ఇల్లు పూర్తికాలేదు, అప్పులు మిగిలాయి. వాటిని తీర్చడానికి భూమి అమ్ముకుంటామని కొడుకు 1744లో శాసనసభకు అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఇల్లు 1916లో కాలిపోయింది, మొండిగోడలున్నాయి. విరిగిన అంచు దగ్గర గోడ మందం, లోపలి వరసలు, సున్నం అన్నీ బయటికి కనిపిస్తాయి. మిగతా ఇళ్లలో అది చూపించేవాళ్లు ఉండరు.