వేగుచుక్క మీద వేసవి సెలవులు

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. సెలవుల్లో ‘నచ్చిన గ్రహానికి విహారయాత్ర’ అని ఒక పేజీ రాసుకురమ్మన్నారు బళ్లో. వీడు డాబా మీద పడుకుని తెల్లవారుజామున వేగుచుక్కను చూశాడు, ఇక అక్కడికే వెళ్తానంటున్నాడు. ఇక్కడ ఎండ 44 డిగ్రీలు దాటింది. కాస్త చల్లగా ఉండే గ్రహం ఏదైనా చెప్పండి, ఊహలోనైనా సేదతీరతాం. వాడి సందేహం ఇంకోటి: ఆవకాయ తీసుకెళ్లొచ్చా?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీవాడు ఎంచుకున్న చోటు చూడ్డానికి బాగుంటుంది గానీ దిగడానికి కాదు. వేగుచుక్క అంటే శుక్రుడే. అంతలా మెరుస్తున్నదంటే కారణం దాన్ని కప్పేసిన మబ్బులు. మీద పడ్డ ఎండలో చాలా భాగాన్ని అవి తిప్పికొడతాయి. ఆ మబ్బుల్లో ఉన్నది నీళ్లు కాదు, గంధకామ్లం. కింద నేల మీద వేడి దాదాపు 465 డిగ్రీలు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, అక్కడ సీసమే కరిగిపోతుంది. 1982లో సోవియట్ వాళ్లు దింపిన వెనెరా-13 ఆ వేడికీ ఒత్తిడికీ తట్టుకుని 127 నిమిషాలు పనిచేసింది. అంటే మీరు బస్సెక్కి గుంటూరు వచ్చి, మా ఇంట్లో మజ్జిగైనా తాగకుండా తిరిగి వెళ్లేంత సేపు.

ఇంకో చిక్కు. శుక్రుడి మీద పొద్దు పొడిచి గూకేసరికి మనకు 58 రోజులు గడుస్తాయి. బడికిచ్చిన వేసవి సెలవులన్నీ కలిపినా ఒక్క పగలు పూర్తి కాదు. పైగా అక్కడ సూర్యుడు పడమటే పొడుస్తాడు. ‘సూర్యుడు పడమట పొడిచినా నువ్వు మారవురా’ అని మా నాన్న నన్ను తిట్టేవారు. అక్కడికి వెళ్తే ఆ తిట్టు చెల్లదు.

చల్లగా కావాలన్నారు కాబట్టి అంగారకుడు. సగటున సున్నాకు 60 డిగ్రీలు దిగువన ఉంటుంది. ఏసీ బిల్లు టెన్షన్ లేదు. గాలి ఒత్తిడి మాత్రం మన దగ్గరున్న దాంట్లో నూరో వంతు కూడా ఉండదు, ఉన్నదీ దాదాపు అంతా బొగ్గుపులుసు వాయువే. సూటు విప్పొద్దని వాడికి గట్టిగా చెప్పండి.

ఇక ఏం రాయించాలి? ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పినవాణ్ని, ఇలాంటి పేజీలు చాలా దిద్దాను. పచ్చటి మనుషులు, ఎగిరే పళ్లేలు తప్ప ఇంకేమీ ఉండవు. నాకు చదవబుద్ధి కాదు. మీవాణ్ని ఇంట్లోదో వీధిలోదో ఒక వస్తువు తీసుకెళ్లమనండి. దానికి అక్కడ ఏమవుతుందో రాయమనండి.

నేనైతే మిర్చి టిక్కీ, అంటే ఎండుమిరపకాయల బస్తా తీసుకెళ్తాను. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. చిన్నప్పుడు ఆయనకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి, తుమ్ముకుంటూ నిలబడి చూసేవాణ్ని. హమాలీ నడుం వంచి నిలబడితే, ఇద్దరు చెరోపక్క పట్టి టిక్కీని వీపు మీదకు ఎక్కించేవాళ్లు. ఆ క్షణాన అతని మోకాళ్లు కొంచెం కుంగేవి, తర్వాత సర్దుకునేవి. నలభై కిలోల టిక్కీ అంగారకుడి మీద పదిహేను కిలోల బరువే అనిపిస్తుంది. అక్కడ ఆకర్షణ మన దాంట్లో 38 శాతమే. మోకాళ్లు కుంగవు. అయితే ఇదే క్లాసులో చెబితే ఒక కుర్రాడు లేచి, ‘అంత తేలికైతే బస్తాతో పరుగెత్తొచ్చా సార్?’ అన్నాడు. మంచి ప్రశ్న. పరుగెత్తొచ్చు, ఆగడమే కష్టం. బరువు తగ్గింది గానీ టిక్కీలో మిరపకాయలు తగ్గలేదు. కదిలేదాన్ని ఆపడానికి ఇక్కడ ఎంత బలం కావాలో అక్కడా అంతే కావాలి. కాళ్లకు నేల మీద పట్టు మాత్రం ఆకర్షణతో పాటే తగ్గిపోతుంది. లారీ దగ్గర ఆగాల్సినవాడు లారీ దాటి జారిపోతాడు.

సాయంత్రం అయ్యాక మీవాణ్ని ఒకసారి ప్రకాశం బ్యారేజీ మీదకు తీసుకెళ్లండి. నది మీద పొద్దు ఎర్రగా దిగుతుంది. అంగారకుడి మీద సూర్యుడు మనకు కనిపించే దాంట్లో మూడింట రెండొంతులే కనిపిస్తాడు, అస్తమించేటప్పుడు చుట్టూ నీలంగా ఉంటుంది. అక్కడి గాలిలో ఉన్న సన్నటి దుమ్ము చేసే పని అది. బ్యారేజీ ఎరుపు, అక్కడి నీలం పక్కపక్కన రాస్తే పేజీలో సగం నిండుతుంది.

ఆవకాయ విషయం. తప్పకుండా తీసుకెళ్లాలి. దారిలో భారం తెలియని స్థితిలో ఒంట్లో ద్రవాలు తలవైపు ఎక్కుతాయి, జలుబు చేసినట్టు ముక్కు దిబ్బడేసి తిండి చప్పగా ఉంటుంది. అందుకే వ్యోమగాములు కారం అడుగుతారు. 2021లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మిరపకాయలే పండించారు. 2025లో శుభాంశు శుక్లా క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం పట్టుకెళ్లాడు. కానీ కారప్పొడి, కందిపొడి వద్దు. పొడి గాల్లో తేలి కళ్లల్లో పడుతుంది. అంతరిక్ష కేంద్రంలో ఉప్పును నీళ్లలో కరిగించి, మిరియాలపొడిని నూనెలో కలిపి ఇస్తారు. ఆ లెక్కన నూనె తేలిన ఆవకాయే అన్నిటికన్నా క్షేమం.

ఎన్ని జాడీలు అంటారా? మన మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోటలో బయలుదేరి 2014 సెప్టెంబరు 24న చేరింది. చేరగానే తిరుగు ప్రయాణం కుదరదు. భూమీ అంగారకుడూ మళ్లీ అనువుగా వచ్చేదాకా అక్కడ ఏడాది పైనే కాచుకోవాలి. రానూపోనూ, ఆగిన కాలమూ కలిపితే మూడేళ్లకు కాస్త తక్కువ. నాలుగో తరగతిలో వెళ్లినవాడు ఏడో తరగతి ఈడుకు వస్తాడు. ఈ ఏడు కాయ కాస్త ఎక్కువే కొట్టించండి.