తడి చలికాలానికి గుర్రపుశాలను ఎలా సిద్ధం చేయాలి?

ఇంగ్లండ్‌లో చలికాలమంటే మంచుకన్నా వాన, బురదే ఎక్కువ. అందుకే ముందుగానే పైకప్పు కారుతోందేమో చూసి, ఆకులు రాలడం అయిపోగానే చూరు కాలువలు శుభ్రం చేయించాలి.

చలేస్తుందని తలుపులు, కిటికీలు పూర్తిగా మూసేస్తుంటారు. దయచేసి అలా చేయకండి. తడిసిన పడకలో మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, బూజుపట్టిన ఎండుగడ్డి దుమ్ము గుర్రం ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఆరోగ్యంగా ఉన్న గుర్రం చలిని బాగానే తట్టుకుంటుంది, చెడుగాలిని కాదు. గాలి నేరుగా ఒంటికి కొట్టకుండా, తలకన్నా ఎత్తులో వచ్చిపోవాలి.

తడిసిన పడకను రోజూ తీసేయకపోతే గిట్టల అడుగు మెత్తబడి కుళ్లే ప్రమాదం ఉంది. ఎండుగడ్డిని నేలకు ఆనకుండా చెక్కల మీద పేర్చండి. గేటు దగ్గరి బురదలో కంకర పోయించండి. నానిన కాళ్ల చర్మంలోకి బ్యాక్టీరియా చేరితే పుండ్లు పడతాయి.