ఉడుతకు దారి లేకుండా ఫీడర్ నిలబెట్టడం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

న్యూజెర్సీలో, ఎడిసన్ ఊళ్లోని మీ ఇంటి పెరట్లో పిట్టల కోసం గింజలు పోసి వేలాడదీసిన ఫీడర్ డబ్బాను, పొద్దున నింపితే మధ్యాహ్నానికల్లా ఉడుత ఖాళీ చేస్తోందని రాశావు. నువ్వు పంపిన ఫొటోలో ఫీడర్ మేపుల్ చెట్టు కొమ్మకు వేలాడుతోంది, పక్కనే డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) రెయిలింగ్ ఉంది. ఆ చోట ఎంత ఖరీదైన డబ్బా పెట్టినా ఇంతే. ముందు చోటు మార్చు. డబ్బా సంగతి, గింజల సంగతి ఆ తర్వాత.

మన ఊరి ఉడుతను తలచుకుని దీన్ని అంచనా వేయకమ్మా. వీపున మూడు చారలున్న మన ఉడుత 100, 120 గ్రాములు తూగుతుంది. మీ పెరట్లోది బూడిద రంగు ఉడుత, అరకిలో ఉంటుంది. నేల మీంచి నిట్టనిలువుగా 4, 5 అడుగులు ఎగురుతుంది. పక్కకు 8, 9 అడుగులు దూకుతుంది. పైన కొమ్మ ఉంటే ఇక దూకే పని కూడా లేదు, పట్టు వదిలేసి ఫీడర్ మీద పడుతుంది. అందుకే ఫీడర్ అడుగు నేలకు కనీసం ఐదున్నర అడుగుల ఎత్తున ఉండాలి. చుట్టూ 10 అడుగుల్లో చెట్టు, ఫెన్స్, డెక్, గ్రిల్, పిల్లల ఉయ్యాల ఏదీ ఉండకూడదు. నడినెత్తిన కొమ్మ ఉండకూడదు. కంటి అంచనా వద్దు, టేపు పట్టి కొలువు. కొమ్మలు ఏటా సాగుతాయి, వేసవిలో ఆకుల బరువుకు కిందికి వంగుతాయి కూడా. అందుకని ఏటా చలికాలం చివర మళ్లీ కొలిచి, దగ్గరికొచ్చిన కొమ్మను కొట్టించు.

వంటింటి కిటికీలోంచి పిట్టలు కనబడాలని నీకుంటుంది. అయితే అద్దాన్ని ఆకాశమనుకుని వచ్చి కొట్టుకుని చచ్చే పిట్టలెన్నో. ఫీడర్ కిటికీకి 3 అడుగుల లోపు ఉంటే పిట్టకు వేగం అందదు, 30 అడుగులు దాటితే అద్దం వైపు రావడం తగ్గుతుంది. కిటికీ పక్కన పెడితే ఉడుతకు గోడే మెట్టవుతుంది కాబట్టి నీకు దూరమే మేలు. అంత జాగా లేకపోతే అద్దానికి బయటివైపు రెండేసి అంగుళాల ఎడంలో చుక్కలు అంటించు.

ఇక స్తంభం. షెపర్డ్ హుక్ అని అమ్మే సన్న వంపు కడ్డీ గింజల బరువుకు ఒరుగుతుంది, ఒరిగితే నువ్వు కొలిచిన కొలతలన్నీ పోతాయి. హోమ్ డిపో అనే సామాన్ల దుకాణంలో కరెంటు వైర్లు లాగే ఈఎంటీ అనే ఇనుప గొట్టం 10 అడుగులది దొరుకుతుంది, ముప్పావు అంగుళం సైజు తీసుకో. అర అంగుళం రీబార్ (కాంక్రీటులో వేసే ఇనుప కడ్డీ) 4 అడుగుల ముక్క కూడా తెచ్చి, సగం భూమిలోకి సుత్తితో దిగగొట్టి, 8 అడుగులకు కోసిన గొట్టాన్ని దాని మీద తొడుగు. దిగగొట్టే ముందు కొన్ని రోజుల ముందుగా 811కు ఫోన్ చెయ్యి. గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. ఈ ఒక్కటీ బద్ధకించకు.

అసలు పని బాఫిల్‌ది, అంటే ఉడుత ఎక్కకుండా స్తంభానికి తొడిగే రేకు అడ్డుది. అది లేని స్తంభం ఉడుతకు నిచ్చెన. కొన్నా మంచిదే గానీ చేసుకోవడం తేలిక. వేడిగాలి పోయే డక్ట్ రేకు గొట్టం, 8 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు, దానికి సరిపడే మూత, స్తంభానికి పట్టే హోస్ క్లాంపు (స్క్రూతో బిగించే గుండ్రటి పట్టీ) ఒకటి, చిన్న రేకు స్క్రూలు మూడు చాలు. రేకు అంచు కత్తిలా తెగుతుంది, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. మూత నడిమధ్యన స్తంభం దూరేంత చిల్లు పెట్టి, మూతను రేకు గొట్టానికి మూడు స్క్రూలతో బిగించు. స్తంభం మీద నేల నుంచి 5 అడుగుల దగ్గర క్లాంపు బిగించి, పై నుంచి బాఫిల్ జారవిడువు. మూత క్లాంపు మీద ఆగుతుంది, గొట్టం గంటలా కిందికి వేలాడుతుంది. ముట్టుకుంటే కాస్త ఊగాలి. ఆ ఊపే ఉడుతకు పట్టు దొరకనివ్వదు, ఊగుతోందని బిగించేయకు. స్తంభం పట్టుకుని ఎక్కివచ్చిన ఉడుత గొట్టం లోపలికి దూరి, పైన మూత తగిలి, వెనక్కి దిగిపోతుంది. చిల్లు వదులుగా ఉంటే మాత్రం అక్కడ మూతి పెట్టి చూస్తుంది, సందు కనిపిస్తే వదలదు. ఫీడర్ వేలాడే కొక్కెం బాఫిల్‌కు పైన ఉండాలి. ఫీడర్ అడుగు ఎప్పుడూ మూత కన్నా కిందికి రాకూడదు.

మంచు పడ్డప్పుడు లెక్క మారుతుంది. అడుగున్నర మంచు గట్టిపడితే నీ ఐదున్నర అడుగులు నాలుగే. స్తంభం చుట్టూ కూడా పారతో మంచు తీసేయాలి.

స్ప్రింగ్ ఫీడర్లు, అంటే స్క్విరెల్ బస్టర్ లాంటివి, రెండో కాపలాగా బాగా పనిచేస్తాయి. బరువు పడితే గింజలు తీసుకునే కంతలు మూసుకుంటాయి. పిట్టల్లో కార్డినల్ 45 గ్రాములు, బ్లూ జే 85 ఉంటాయి, అవి వాలితే తెరిచే ఉండాలి. 150 గ్రాముల ఉల్లిపాయను చిన్న సంచిలో వేసి పిట్టలు వాలే కడ్డీకి తగిలించి చూడు. మూసుకోకపోతే స్ప్రింగ్ సర్దు. స్తంభానికి ఆనుకుని వేలాడదీస్తే ఉడుత వెనక కాళ్లు స్తంభానికి పట్టించి బరువు పడనివ్వకుండా తింటుంది. 18 అంగుళాల ఎడం ఉండాలి.

గింజల్లో పొద్దుతిరుగుడు అంటే ఉడుతకు ప్రాణం. దాని బదులు కుసుమలు పొయ్యి. తాండూరు వైపు నూనెకు పండించే కుసుమలే, మీ దగ్గర శాఫ్లవర్ అని అమ్ముతారు. తొక్క చేదుకు ఉడుతలు పెద్దగా ముట్టవు, కార్డినల్, చికడీ పిట్టలు మాత్రం తింటాయి. నైజర్ అని సన్నగా నల్లగా ఉండేవి మన అరకు కొండల మీద పసుపుపచ్చగా పూసే వలిసెలే. ఇథియోపియా, మన దేశం నుంచి వస్తాయి, మొలకెత్తకుండా వేడిచేసి అమ్ముతారు. 1935 నుంచి న్యూజెర్సీ రాష్ట్ర పక్షి అయిన గోల్డ్‌ఫించ్ పిట్టకు అవంటే మహా ఇష్టం. పాతబడి నూనె ఎండితే ముట్టదు, చిన్న సంచులే కొను.

కారం కలపమని ఎవరైనా చెబుతారు. పిట్టలకు కారం తెలియదు, ఉడుతకు మండుతుంది, నిజమే. అయినా గుంటూరు కారం పొడి కలపకు. గాలికి లేచి నీ కళ్లలో, వాటి కళ్లలో పడుతుంది, వానకు కొట్టుకుపోతుంది. కావాలంటే కారం నూనె పట్టించిన గింజలు కొను. స్తంభానికి వాజెలిన్, నూనె అస్సలు పూయకు. ఈకలకు అంటితే పిట్ట కడుక్కోలేదు, చలికి తట్టుకోలేదు. ఉడుతను బోనులో పట్టి ఎక్కడో వదలడం చాలా రాష్ట్రాల్లో అనుమతి లేకుండా చేయకూడదు, పైగా ఏడాదికి రెండు ఈతలు ఈనే జంతువు, గూట్లో కూనలు ఆకలికి పోతాయి.

మిగిలిన అన్నం, కారప్పూస కాకులకని బయట వేయడం మానెయ్యి. అది ఎలుకలకు పిలుపు. రాలిన గింజలు రెండు రోజులకోసారి ఊడ్చు. ఫీడర్‌ను రెండు వారాలకోసారి తొమ్మిది వంతుల నీళ్లకు ఒక వంతు బ్లీచ్ కలిపి 10 నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఆరాకే నింపు. కళ్లు వాచిన ఫించ్ పిట్ట కనిపిస్తే ఆ రోజే ఫీడర్‌ను దించేసి కడిగి, కొన్ని వారాలు వేలాడదీయకు. రకూన్లు (రాత్రిపూట తిరిగే జంతువులు) ఉండే చోటైతే ఫీడర్‌ను రాత్రి లోపల పెట్టు.

కొత్త చోటు పిట్టలకు దొరకడానికి కొన్ని రోజులు పడుతుంది, కంగారు పడకు. మొదటి వారం ఉడుత ఎక్కడి నుంచి దూకాలని చూస్తోందో గమనించి ఆ కొలత మళ్లీ తీసుకో. గొట్టం కోసే ముందు మేపుల్ నుంచి, డెక్ నుంచి దూరాలు రాసి పంపు, చూసి చెబుతాను. రీబార్ కొట్టేటప్పుడు అల్లుడుగారిని కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోమను.

ఇట్లు,
మామయ్య