టెక్ సందేహాలు: ఆగి ఆగి నడిచేవాళ్లకి స్మార్ట్‌వాచ్ పనికొస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి కాళ్లలో రక్తనాళాలు సన్నబడ్డాయి. కొంచెం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. డాక్టరుగారు రోజూ నడవమన్నారని వాచీ కొన్నాం. అదేమో 10,000 అడుగులంటూ ప్రాణం తీస్తోంది, పైగా నడిచినదాంట్లో సగం లెక్కలోకే రావట్లేదు. ఇంకా మంచిది కొనాలా? కాళ్లకి వేడి పెట్టే మసాజర్ కూడా తీసుకోమంటారా?

జవాబు: ఇంకో వాచీ వద్దు. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ 10,000 టార్గెట్ తగ్గించండి. అది ఏ డాక్టరో పెట్టిన లెక్క కాదండీ. 1965లో జపాన్‌లో ఒక పెడోమీటర్‌కి 'మన్‌పో-కెయ్', అంటే పదివేల అడుగుల మీటర్ అని పేరు పెట్టి అమ్మారు, ఆ అంకె మన నెత్తిన అలా ఉండిపోయింది.

లెక్క తప్పడానికి కారణం, వాచీకి కాళ్లు కనపడవు, చెయ్యి ఊపుని బట్టే అడుగు పడిందనుకుంటుంది. నెమ్మదిగా నడిచినా, చేతులు వెనక్కి కట్టుకున్నా, వాకర్ పట్టుకున్నా దానికి తెలియదు. ఫోన్ ప్యాంటు జేబులో పెట్టుకుంటే ఇంతకన్నా నయం. వర్కౌట్ దానంతటది మొదలవ్వాలంటే చాలా వాచీలకి పదినిమిషాలు ఆగని నడక కావాలి, మీ నాన్నగారు అంతసేపు ఆగకుండా నడవలేరు కాబట్టి చేత్తోనే స్టార్ట్ నొక్కాలి, మనిషి ఆగగానే లెక్క కూడా ఆపేసే ఆటో పాజ్ తీసేయాలి.

అసలు ఈ ఇబ్బంది ఉన్నవాళ్లకి అడుగుల సంఖ్య కన్నా రెండు అంకెలు ముఖ్యం: ఎంతసేపటికి నొప్పి మొదలైంది, ఎంతసేపటికి ఆగాల్సొచ్చింది. వీళ్లకి మామూలుగా చెప్పే పద్ధతి ఏంటంటే, నొప్పి బాగానే తెలిసేదాకా నడిచి, ఆగి, పూర్తిగా తగ్గాక మళ్లీ నడవడం, అలా ఆగిన టైముతో కలిపి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, 12 వారాలు. కానీ చాలామంది పిక్క కొంచెం లాగగానే కూర్చుంటారు, లేదా నొప్పి రాకుండా నడకే తగ్గించేస్తారు. నలుగురిలో ఆగడం నామోషీ కూడా. జర్మన్‌లో దీన్ని షాపుల అద్దాలు చూసే జబ్బు అంటారు, నొప్పికి ఆగి షాపు చూస్తున్నట్టు నటిస్తారని, ఇప్పుడైతే ఫోన్ తీసి మెసేజ్ చూస్తున్నట్టు నటిస్తే సరిపోతుంది!

ఆ రెండు అంకెలు పట్టుకోడానికి వాచీలోని మామూలు స్టాప్‌వాచ్ చాలు. బయల్దేరేటప్పుడు స్టార్ట్, నొప్పి మొదలవగానే ల్యాప్ (అప్పటిదాకా అయిన టైముని గుర్తుపెట్టే బటన్), ఆగినప్పుడు ల్యాప్, మళ్లీ కదిలినప్పుడు ల్యాప్. రోజూ ఒకే దారిలో, అవే చెప్పులతో నడిస్తే పోల్చుకోవచ్చు. జీపీఎస్ దూరాన్ని మరీ నమ్మకండి, మనిషి నిలబడి ఉన్నా చుక్క అటూ ఇటూ జరిగి మీటర్లు కలిపేస్తుంది. ఆ టైములు రాసుకున్న కాగితం డాక్టరుగారికి చూపిస్తే ఆయనకి గ్రాఫుల కన్నా అదే పనికొస్తుంది.

వాచీలో ఆక్సిజన్ 98 చూపించింది కదా, కాళ్లు బాగున్నట్టే అనుకునేరు. అది మణికట్టు సంగతి. కాళ్ల సంగతి తెలియాలంటే చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చాలి, ఆ నిష్పత్తి 0.90 లేదా అంతకన్నా తక్కువైతే నాళాల్లో అడ్డు ఉన్నట్టు లెక్క. పడుకున్నా పాదం నొప్పి పెడుతున్నా, పుండు మానకపోయినా వెంటనే డాక్టరుకి చూపించండి. కాలు ఉన్నట్టుండి చల్లబడి పాలిపోతే క్షణం ఆగకుండా ఆసుపత్రికే.

మసాజర్ మాత్రం డాక్టరుని అడగకుండా కొనకండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి కాలిందని కూడా తెలియదు, రక్తం సరిగ్గా అందని కాలికి బొబ్బ వస్తే మానడం చాలా కష్టం.