సమాధానం: స్టాండప్ గంట సాగుతోంది, పని సాయంత్రానికి గానీ మొదలవడం లేదు

నమస్తే అండీ. గచ్చిబౌలిలో ఎనిమిది మంది టీమ్, ఉదయం స్టాండప్‌కే, అంటే ఎవరి పని ఎక్కడుందో చెప్పుకునే చిన్న మీటింగ్‌కే, గంట పోతోంది, అసలు పని అమెరికా కాల్స్ వేళకు మొదలవుతోంది అన్నారు. మీవాళ్లు బద్ధకస్తులని నాకైతే అనిపించడం లేదు. రోజుకో పద్ధతి ఉండటమే ఇబ్బంది.

ముందు స్టాండప్ సంగతి చూడండి. స్క్రమ్ అనే టీమ్ పని పద్ధతిలో దానికి హద్దు 15 నిమిషాలే. పని ఎక్కడ ఆగిందో అక్కడ చెప్తే చాలు, పరిష్కారం సంబంధించిన ఇద్దరూ తర్వాత కూర్చుని చూసుకుంటారు. 10:30కి పెట్టండి, బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్ దాటి అందరూ వచ్చేస్తారు. ఆ టైం మాత్రం మీరు తప్పకూడదు. టీమ్ లీడే ఆలస్యంగా వస్తే ఇంకెవరికీ చెప్పలేం.

11 నుంచి 1 దాకా మీటింగులు, చాట్‌లు వద్దు. అన్నిటికన్నా ఇదే ముఖ్యం, దయచేసి దీన్ని వదలకండి. అత్యవసరమైతే ఫోన్ ఉంది కదా. ఒక్కొక్కరి చేతిలో ఒకేసారి రెండు పనులకు మించి ఉంచకండి; ఏ పని ఏ దశలో ఉందో చూపించే కాన్‌బాన్ బోర్డు మీదే ఆ హద్దు రాసిపెట్టండి.

న్యూయార్క్ మనకన్నా వేసవిలో 9:30 గంటలు, చలికాలంలో 10:30 గంటలు వెనక. అందుకే నవంబర్‌లో కాల్స్ మనకు ఇంకో గంట ఆలస్యంగా మొదలవుతాయి. రాత్రి కాల్ చేసినవాళ్లను మర్నాడు ఆలస్యంగా రానివ్వండి. రెండు వారాలు ఇలా నడిపి, ఎక్కడ కుదరలేదో చెప్పండి, మళ్లీ చూద్దాం.