సెషన్ ముగిసినప్పుడు వచ్చే 419 పేజీని తెలుగులో చూపించడం ఎలా?

పలాస జీడిపప్పు వ్యాపారుల కోసం మీరు లారావెల్‌లో (పీహెచ్‌పీతో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) తయారుచేసిన సైటులో, ఆర్డరు ఫారం సగం నింపి భోజనానికి వెళ్లి వచ్చేసరికి "పేజ్ ఎక్స్‌పైర్డ్" అని ఇంగ్లీషులో వస్తోందన్నారు. రిసోర్సెస్‌లోని వ్యూస్ ఫోల్డరులో ఎర్రర్స్ అనే ఫోల్డరు పెట్టి, అందులో 419.బ్లేడ్.పీహెచ్‌పీ అనే ఫైలు ఉంచితే, లారావెల్ తన సొంత పేజీకి బదులు దానినే చూపిస్తుంది. ఫారంలోని టోకెన్ (ఫారం మీ సైటు నుంచే వచ్చిందని రుజువు చేసే రహస్య కోడు) సెషన్‌లోని దానితో సరిపోలనందున అభ్యర్థన మీ కోడు దాకా రానేరాదు కాబట్టి, "సెషన్ ముగిసింది, మీ ఆర్డరు నమోదు కాలేదు, దయచేసి మళ్లీ లాగిన్ అవ్వండి" అని ధైర్యంగా రాయవచ్చు; ఆర్డరు చేరిందో లేదో తెలియకపోవడమే వ్యాపారిని అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతుంది. అజాక్స్ అభ్యర్థనలకు (పేజీ మళ్లీ లోడవకుండా జావాస్క్రిప్టు వెనకనుంచి పంపేవి) మాత్రం 419 కోడును జావాస్క్రిప్టులోనే పట్టుకుని సందేశం చూపాలి. మామూలుగా 120 నిమిషాలుండే సెషన్ గడువును సెట్టింగుల్లో పెంచవచ్చు గానీ, కొట్టులో ఒకే కంప్యూటరును నలుగురు వాడేచోట పెంచకపోవడమే మేలు.