గేమింగ్ ప్యానెల్లో గే, ట్రాన్స్ క్యారెక్టర్ల గురించి అడగొచ్చా? అడిగితే ఎట్ట అడగాలి?

తమ్ముడూ, నీది ఒంగోలు, బీటెక్ థర్డ్ ఇయర్, హైదరాబాద్‌లో గేమింగ్ ఈవెంట్‌కి పోతుండావు, ఆడ ప్యానెల్లో ఎల్జీబీటీక్యూ క్యారెక్టర్ల గురించి అడగాలని ఉంది గానీ హాలంతా నవ్వుద్దేమో, ఎవడన్నా వీడియో తీసి పెడతాడేమో అని భయం, ఇదే కదా నువ్వు రాసింది. అడుగు. కాకపోతే స్టేజీ మీద ఎవరు కూర్చోనుంటారో ముందే చూసుకోని పో, ఎక్కువ మంది ప్రశ్న చెడిపోయేది ఆ ఒక్కటీ చూసుకోకే.

నాది కావలి, ఇప్పుడు హైదరాబాద్‌లో గేమ్ టెస్టింగ్‌లో చేస్తుండా. (రోజంతా గేమ్సే ఆడుకుంటారంటనే అని మా పెద్దమ్మ ఇప్పటికీ అడగతది, పొద్దస్తమానం ఒకే గోడకి గుద్దుకుంటా బగ్గులు రాసుకోవడం అంటే నమ్మదు.) ఇట్టాంటి ఈవెంట్లకి పోతానే ఉంటా. ఒక దాంట్లో జరిగింది చెప్తా విను.

స్టేజీ మీద ఇద్దరు స్ట్రీమర్లు (గేమ్ ఆడతా లైవ్‌లో చూపించేవాళ్ళు), ఒక డబ్బింగ్ ఆర్టిస్టు, ఒక క్యారెక్టర్ ఆర్టిస్టు. మైక్ లైన్లో నా ముందున్న అబ్బాయి, పాపం ధైర్యం చేసి, ఫలానా క్యారెక్టర్ గేనా కాదా అనడిగాడు. అంతే, వెనకనించి విజిల్స్, ఎవడో 'నీకెందుకురా' అని అరుపు, యాంకరేమో 'బ్రో, సంబంధాలు తర్వాత మాట్లాడుకుందాం, గేమ్‌ప్లే అడుగు' అని నవ్వి మైక్ పక్కకి తిప్పేశాడు. ఆ యాంకర్ చేసింది చెత్త పని, అందులో డౌట్ లేదు. కానీ యాంకర్ మంచోడైనా ఆ ప్రశ్నకి జవాబు వచ్చేది కాదు, ఎందుకంటే అది చెప్పగలిగే మనిషి ఆ నలుగురిలో లేరు. డబ్బింగ్ ఆర్టిస్టుకి తన లైన్లు మటుకే ఎక్సెల్ షీట్లో వరసగా ఇస్తారు, ఎదుటి క్యారెక్టర్ ఏమంటదో కూడా ఒక్కోసారి కనపడదు, దాని మీద బయట నోరు విప్పకూడదని సంతకం కూడా పెట్టించుకుంటారు. స్ట్రీమర్లు మనలాగా ఆడేవాళ్ళే. 'అవునా కాదా' అని వీళ్ళని అడిగితే నవ్వి తప్పించుకోవడం తప్ప ఏం చేస్తారు.

అదే లైన్లో కాస్త వెనక ఒకమ్మాయి ఉండింది. తనడిగింది ఇట్ట: ఓవర్‌వాచ్ గేమ్ 2016 మేలో వచ్చింది, అందులో ట్రేసర్ అనే అమ్మాయికి ఎమిలీ అని గర్ల్‌ఫ్రెండ్ ఉందని తెలిసిందేమో డిసెంబర్లో వచ్చిన కామిక్‌లో, రష్యాలో దాన్ని చూడనియ్యలేదు కూడా, సోల్జర్ 76 అనే క్యారెక్టర్ గే అని 2019 జనవరిలో ఒక చిన్న కథలో చెప్పారు, మరి వందల గంటలు మ్యాచ్‌లు ఆడినోడికి ఇవేమీ తెలీకుండానే పోవచ్చు కదా, మీరు క్యారెక్టర్ గీసేటప్పుడు మీకిచ్చే కాగితంలో ఇట్టాంటివి రాసుంటాయా అని నేరుగా ఆ ఆర్టిస్టునే అడిగింది. ఒక్కడూ విజిల్ వెయ్యలా. ఆ ఆర్టిస్టు మైక్ దగ్గరికి లాక్కోని చెప్పడం మొదలుపెట్టాడు: బ్రీఫ్‌లో ఎత్తు, వయసు, బట్టలు, దూరం నుంచి చూస్తే ఆకారం ఎట్ట కనపడాలి, ఇవన్నీ ఉంటాయంట, ఎవర్ని ప్రేమిస్తారో ఉండదంట. ఒక ప్రాజెక్ట్‌లో క్యారెక్టర్ మెడలో లాకెట్ ఉంటే, లోపల ఫోటో ఎవరిది పెట్టమంటారు అని ఈయన అడిగాడంట, మెయిళ్ళ మీద మెయిళ్ళు తిరిగి తిరిగి చివరికి 'లాకెట్ మూసి గీయండి' అని వచ్చిందంట. ఆ రోజంతట్లో నాకు గుర్తుండిపోయిన జవాబు అదొక్కటే.

కాబట్టి క్యారెక్టర్ ఏంటో అడగమాక, ఆ పని ఎట్ట జరిగిందో అడుగు, అది కూడా ఆ పని చేసిన మనిషినే అడుగు. డబ్బింగ్, వాయిస్ వాళ్ళుంటే గొంతు గురించి అడుగు. డ్రాగన్ ఏజ్ ఇంక్విజిషన్ గేమ్‌లో (2014) క్రెమ్ ట్రాన్స్ మగవాడు, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు గానీ వాడు మగవాడు, గొంతు ఇచ్చింది జెనిఫర్ హేల్. ఆరేళ్ళ తర్వాత టెల్ మీ వై వచ్చేసరికి టైలర్ అనే ట్రాన్స్ కుర్రాడికి ఆగస్ట్ ఐడెన్ బ్లాక్ అనే ట్రాన్స్ నటుడే గొంతు ఇచ్చాడు. అదే 2020లో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో లెవ్ అనే ట్రాన్స్ పిల్లోడికి ఇయాన్ అలెగ్జాండర్ కూడా అట్టనే. ఈ మార్పు గురించి మన డబ్బింగ్ వాళ్ళు ఏమనుకుంటుండారు, రేపు మన దగ్గర అట్టాంటి క్యారెక్టర్ వస్తే ఎవర్ని పిలుస్తారు అంటే వాళ్ళకి చెప్పడానికి చాలా ఉంటది.

రైటర్లో డెవలపర్లో ఉంటే మెచ్చుకోలు ప్రశ్న వద్దు, 'ఇంత బాగా ఎట్ట రాశారండి' అంటే థాంక్యూ అని పక్కోడి వైపు చూస్తారు. లెవ్ విషయంలోనే చూడు, క్యారెక్టర్ నచ్చిన ట్రాన్స్ ప్లేయర్లలో కూడా కొందరు, శత్రువులు వాడికి ఆడపిల్లగా పెట్టిన పాత పేరు పెట్టి అరిచే సీన్లు అవసరమా అని కోప్పడ్డారు. బాధ చూపించకుండా అట్టాంటి కథ చెప్పొచ్చా అని అడుగు. లేదా ఎవరు డిసైడ్ చేస్తారు అని అడుగు, దానికి సిమ్స్ అనే గేమ్ కథే చాలు. 1999లో ఈ3 అనే గేమ్స్ షోలో డెమో నడుస్తుంటే పెళ్ళి సీన్లో ఇద్దరు ఆడ క్యారెక్టర్లు వాటంతట అవే ముద్దు పెట్టుకున్నాయి. అప్పటికే అట్టాంటివి వద్దనుకున్నారు, కొత్తగా చేరిన ప్రోగ్రామర్ పాట్రిక్ బారెట్‌కి ఆ సంగతి తెలీదు, చేతికొచ్చింది పాత డిజైన్ కాగితం, అందులో ఉన్నట్టే కోడ్ రాసేశాడు. ఒక పాత కాగితం వల్ల అంత జరిగింది మరి.

1988 నాటి మారియోలో తనని అమ్మాయి అనుకునే బర్డో నించి మొదలుపెట్టమాక, చరిత్ర చెప్పేలోపల మైక్ లాగేసుకుంటారు.

ఇక నీ ప్యానెల్ అచ్చంగా ఫ్యాన్స్‌దే అయితే, అంటే స్టేజీ మీద కూడా మనలాంటోళ్ళే ఉంటే, లెక్క వేరు, ఆడ వాదన పెట్టే ప్రశ్న కావాలి. నేనైతే ఇది పెడతా. స్టార్‌డ్యూ వ్యాలీ గేమ్‌లో పెళ్ళికున్న క్యారెక్టర్లలో ఆడైనా మగైనా ఎవర్నైనా చేసుకోవచ్చు, బాల్డర్స్ గేట్ 3లో నీ క్యారెక్టర్ ఆడా మగా అని చూడకుండా నీతో తిరిగే క్యారెక్టర్లు ప్రేమిస్తారు, బాగానే ఉంది, కానీ అది ప్లేయర్‌కిచ్చిన స్వేచ్ఛా, లేక ఆ క్యారెక్టర్ బతుకా? నాకు ఇంక్విజిషన్‌లో డోరియన్ దీనికన్నా ఎక్కువ. వాడు గే, నువ్వు ఏం నొక్కినా అంతే, అమ్మాయిగా ఆడితే స్నేహం మటుకే. వాళ్ళ నాన్న కొడుకుని 'మార్చడానికి' రక్తంతో మంత్రం పెట్టబోతాడు, జీవితమంతా ఆ మంత్రాన్ని తప్పని తిట్టిన మనిషి, కొడుకు పెళ్ళి కాడికి వచ్చేసరికి అదే పట్టుకుంటాడు. డోరియన్ ఇల్లు వదిలి వచ్చేస్తాడు. తర్వాత ఒక సత్రంలో తండ్రీకొడుకులు ఎదురుపడే సీన్ ఉంటది, తిట్టుకుంటారు, తండ్రి ముఖం చూడు ఆ సీన్లో. మన జిల్లాల్లో ఈ సీన్ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు, పిల్లోడికి ఏదో పట్టిందని తాయెత్తు కట్టించి, తర్వాత సంబంధాలు చూడ్డం మొదలుపెట్టిన ఇళ్ళు నాకే తెలుసు.

ఒకటి మటుకు ఎత్తమాక. నెల్లూరులో ఒక కాలేజీ ఫెస్ట్‌లో మేం చిన్న గేమర్స్ మీట్ పెట్టాం, వచ్చినోళ్ళలో ఎక్కువ బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి ఫోన్ గేమ్‌లాడే పిల్లోళ్ళే. టాపిక్ ఇటు తిరగ్గానే ఒకడు లేచి 'ఇదంతా ఫారినోళ్ళ పైత్యం, మన కల్చర్లో యాడుంది' అన్నాడు. వెనక కూర్చున్న తెలుగు సారు ఊరుకోలా, 'తిక్కన గారు ఈ నెల్లూర్లోనే, మనుమసిద్ధి కొలువులో ఉండి భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో నాయనా, అందులో బృహన్నల ఎవరు?' అన్నాడు. చప్పట్లు అదిరిపోయినయ్. ఆ తర్వాతేమైంది, అర్జునుడిది శాపమా వేషమా, శిఖండి వేరా బృహన్నల వేరా అని మిగతా టైమంతా అదే, గేమ్ క్యారెక్టర్ ఊసెత్తినోడు లేడు. సారు చెప్పింది కరెక్టే, కానీ మీ ప్యానెల్లో నీకు దొరికేది నిమిషం, దాన్ని మన పురాణాల్లో ఉంది లేదు అనే గొడవకి ఇయ్యమాక. ఎవడన్నా కల్చర్ అంటే 'నేనడిగింది గేమ్ గురించి' అని మళ్ళీ ప్రశ్నకే రా.

వీడియో భయం గురించి. అది ఉత్త భయం కాదు, ఆ అమ్మాయి ప్రశ్నని కూడా ఎవడో రీల్ చేసి కింద 'తేడా' అని కామెంట్లు పెట్టించాడు. గే సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 సంగతి 2018 సెప్టెంబర్ 6నే సుప్రీంకోర్టు తేల్చింది, ఇష్టపడ్డ పెద్దవాళ్ళ మధ్య అది నేరం కాదని, చట్టంతో భయం లేదు, మనకుండేదల్లా మన ఊరి వాట్సాప్ గ్రూపులతో. నువ్వు ఎవరో నాకు తెలీదు, తెలియాల్సిన పని కూడా లేదు. మైక్‌లో కూడా నీ పరిచయం అక్కర్లేదు, ఊరు పేరు, కాలేజీ పేరు, 'నేను కూడా' అనే మాట, ఏదీ చెప్పకుండా నేరుగా గేమ్ పేరుతో మొదలుపెట్టు. చెప్పాలనిపిస్తే అది నీ ఇష్టం, కాకపోతే ఇంట్లో తెలియక ముందు హాలుకి తెలియాలా అనేది ఒక్కసారి చూసుకో. కాలేజీ ఐడీ కార్డు మెళ్ళో ఉంటే తీసి జేబులో పెట్టుకో, చాలా మంది మర్చిపోయేది అదే. ప్రశ్న ఫోన్లో రాసుకోని చూసి చదువు, ఏం తప్పు కాదు, చదివేటప్పుడు తల దించుకోనుంటావు కాబట్టి ముఖం కూడా సరిగా పడదు.

మైక్ దొరక్కపోతే బాధపడమాక. ఆర్టిస్టుల స్టాల్స్ ఉండే లైన్లో సాయంకాలం జనం పల్చబడతారు, ప్యానెల్లో కూర్చున్నోళ్ళు కొందరు అక్కడే తిరగతా ఉంటారు, ఒక ప్రింటో స్టిక్కరో కొని నిలబడి అడుగు. లాకెట్ సంగతి నేను వివరంగా విన్నది కూడా అక్కడే, స్టేజీ మీద ఆయన సగమే చెప్పాడు. ఎవర్ని ఏం అడిగావో, ఏమన్నారో వచ్చినాక ఇక్కడే కింద రాయి.